మెడ మీది పసుపు

గోల్‌కీపర్‌కు మ్యాచ్‌లో చాలాసేపు చేయడానికి పనేమీ ఉండదు, భయపడటం తప్ప. ఆ పనిలో మాత్రం మా ఆర్మూర్ టీములో నన్ను మించినవాడు లేడు. బాల్ అవతలి గోల్ దగ్గర ఉన్నా నా గుండె ఇవతల దడదడలాడుతూనే ఉంటుంది. ప్రైవేటు బడిలో సోషల్ చెప్పుకునేవాడికి ఈ తిప్పలన్నీ ఎందుకని మా అక్క ఎన్నిసార్లు అడిగిందో. ఎందుకో నాకూ తెలియదు. చదువుకునే రోజుల్లో అంటుకున్న ఆట, ముప్పై దాటినా వదల్లేదు.

నేను ఇప్పుడు చెప్పే భయం మాత్రం బాల్‌ది కాదు. ఎండది.

మా బావ, అంటే అక్క భర్త, దుబాయ్ పోకముందు మా టీముకు లెఫ్ట్ వింగ్. ఆయన పరుగెత్తుతుంటే గ్రౌండు బయట చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పక్కన పెట్టి చూసేవాళ్లు. పెళ్లయ్యాక అందరిలాగే పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్లిపోయాడు. అక్కడ ఓ బిల్డింగ్ స్లాబు మీద ఇనుప కడ్డీలు కడుతూ కడుతూ ఒక ఎండాకాలం కూలబడిపోయాడు. కళ్లు తెరిచేసరికి ఒంటి చుట్టూ మంచుగడ్డలు ఉన్నాయట, ఏదో ఆస్పత్రి అట. కిడ్నీలు పోవడం కాస్తలో తప్పిందన్నారు. నడవగలిగిన వెంటనే టికెట్ చేతిలో పెట్టి పంపించేశారు.

వచ్చిన మనిషి సగం అయి వచ్చాడు. మంచం మీద కూర్చుని అక్క బీడీలు చుడుతుంటే చూస్తూ ఉండేవాడు. మా ఊరి డాక్టరు రిపోర్టులన్నీ తిరగేసి, నన్నూ అక్కనూ కూర్చోబెట్టి చెప్పాడు. "ఒక్కపారి గింత గట్టిగ ఎండదెబ్బ తిన్న పానానికి, మల్ల తగిలెతందుకు ఎక్కువ ఎండ అక్కర్లేదు. తక్కినోళ్లకు చెమట పోస్తనే ఉంటది, ఈయినకు బందైతది. చెమట బందైందంటే ఇగ ఆలస్యం చెయ్యద్దు." ఈ మాట బయటికి పొక్కకూడదని బావ మా ఇద్దరి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎండకు పనికిరాని మనిషి అని పేరు పడితే మళ్లీ ఎవరూ పనిలో పెట్టుకోరని ఆయన బెంగ.

నాలుగు నెలలు గడిచాక కాస్త కండ పట్టాడు. ఆ వార్త మా టీము మేనేజరుకు చేరింది. మేనేజర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. పెర్కిట్‌లో ఎరువుల దుకాణం నడిపే పెద్దమనిషి, ఒకప్పుడు మంచి ఆటగాడు. మేమంతా కాకా అంటాం. ఆయన ఓ పొద్దున ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడి, "అల్లుడూ, లెఫ్ట్ వింగ్ ఖాళీగ ఉన్నది, ఇగ లే" అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది. అలాంటి మొహం దుబాయ్ నుంచి వచ్చాక మేం చూడలేదు.

నేను అక్క వైపు చూశాను, వద్దంటుందని. అక్క చేతిలోని బీడీకి దారం చుట్టి, గంపలో వేసి, అప్పుడు తలెత్తింది.

"ఊకె ఇంట్ల కూసుంటే మనిషి పిచ్చోడైతడు, పోనియ్" అంది. కాకా వెళ్లిపోయాక నా చేయి పట్టుకుని మెల్లగా చెప్పింది. "మీ బావను పానంతోని తీస్కరా తమ్మీ."

అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

సొంత గ్రౌండులో ఆటకు పెద్ద ఇబ్బంది లేదు. ఊళ్లో మాకు ఇష్టమైన టైముకు పెట్టుకుంటాం. పొద్దు గుట్ట వెనక్కి వాలాక, రాళ్లు ఇంకా వేడి కక్కుతున్నా, కాస్త గాలి ఆడుతుంది. ఇంట్లో పడుకుని లేచి, సల్ల తాగి, నడుచుకుంటూ గ్రౌండుకొస్తాం. అప్పుడు మా ఆట వేరు. అవతలివాళ్ల కాళ్ల దగ్గర బాల్ ఉండనివ్వం, మీద పడిపోతాం. బావ వింగ్‌లో రయ్యిన పోతాడు. అందరికీ చెమట కారుతుంది, బావకూ కారుతుంది. నేను గోల్‌లో నిలబడి హాయిగా ఊపిరి తీసుకుంటాను.

పై ఊళ్లకు వెళ్లినప్పుడే తంటా. ఎండాకాలం టోర్నమెంట్లలో టైము పెట్టేది పిలిచినవాళ్లు. ప్రయాణం చేసి అలిసిన టీమును మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే సగం మ్యాచ్ గెలిచినట్టేనని వాళ్లకూ తెలుసు. మేం టోర్నమెంట్ పెట్టినా అదే చేసేవాళ్లమేమో, కాదనను. అందుకే పొద్దు పడమటికి సరిగ్గా వాలకముందే విజిల్ వేసేవాళ్లు.

మా ప్రయాణం డీసీఎంలో, అంటే సరుకులు మోసే చిన్న లారీలో. మా రైట్ బ్యాక్‌దే ఆ బండి, ఆయనే డ్రైవరు. అది పసుపు సీజను. పొద్దున్నే నిజామాబాద్ యార్డులో పసుపు బస్తాలు దించి, బండిని ఊడ్చీ ఊడ్వక మమ్మల్ని ఎక్కించుకునేవాడు. పైన టాపు ఉండదు, ఇనుప రేకు అట్ల పెనంలా కాలుతుంటుంది. గోనెసంచులు పరుచుకుని కూర్చుంటే, బండి కదిలిన కాసేపటికే మూలల్లోని పసుపు దుమ్మంతా లేచి మా మీద పడేది. జుట్టు, చెవులు, మెడ, అన్నీ పసుపే. దిగగానే అవతలివాళ్లు "పెండ్లిపిల్లగాండ్లు వచ్చిండ్రు, బాజాలు కొట్టుండ్రి" అని నవ్వేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ పసుపే నాకు దారి చూపింది. మొదటి పైఊరి మ్యాచ్ జగిత్యాల అవతల. బావ వింగ్‌లో ఆడుతున్నాడు, నాకు చాలా దూరం. అంత దూరం నుంచి ఆయన ఒళ్లు ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది? చెమట పోస్తోందో లేదో కనబడటం లేదు. బాల్ మీద చూపు ఉంచలేక ఒక గోల్ తిన్నాను. ఓ కార్నర్‌కు అందరూ నా ముందుకొచ్చినప్పుడు చూశాను. ముందు నిలబడ్డవాళ్లందరి మెడల మీదా పసుపు చెమటలో కరిగి చారలు చారలుగా కారుతోంది, కాలర్లు తడిసి నారింజ రంగుకు తిరిగాయి. బావ మెడ మీద కూడా కారుతోంది. గుండె కుదుటపడింది. పసుపు కారుతున్నంతసేపు భయం లేదు, ఎండిపోతే భయం. దవాఖానలో ఏ మిషనూ చెప్పనంత తేటగా ఆ మెడ చెబుతుందనిపించింది. అయితే దాన్ని చూడాలంటే మనిషి నా ముందు ఉండాలి.

తర్వాతి మ్యాచ్‌కు నేను బావను స్టాపర్‌గా వేశాను, సరిగ్గా నా ఎదురుగా. కెప్టెన్‌ను నేనే కాబట్టి వేయగలిగాను గానీ, టీమంతా నా మీద పడింది.

"లెఫ్ట్ వింగ్ల ఉరికేటోన్ని తెచ్చి నీ ముంగట దిష్టిబొమ్మ లెక్క నిలవెడ్తవా?" అన్నాడు డ్రైవరు.

అసలు కారణం చెప్పలేను. నోటికొచ్చింది మొదలుపెట్టాను. మూడు గంటలు రేకు మీద కూర్చుని వచ్చిన కాళ్లు మొదటి సగంలో పరుగెత్తలేవు. మనం వెనక్కి తగ్గి కూర్చుందాం, వాళ్లనే ఉరకనిద్దాం. ఎండ మనది కాదు, వాళ్ల సొంతం, వాళ్లనే తిననిద్దాం. బాల్ దొరికితే తొందర పడొద్దు, నీడ పడే పక్క నుంచే తీసుకుపోదాం. గోల్ కిక్ దగ్గర నేను నిదానం చేస్తాను. వాళ్లు అలిశాక చివర్లో ఒక్క పొడుగు బాల్, అంతే. బోర్డు మీద పాఠం చెప్పినట్టు చెప్పాను. చెబుతూ ఉంటే నాకే నిజమనిపించింది.

తమాషా ఏమిటంటే అది పని చేసింది. ఆ మ్యాచ్ గెలిచాం. ఆ తర్వాతది డ్రా చేసి పెనాల్టీల్లో గెలిచాం. కాకా నా వీపు మీద చరిచి "దిమాక్ అంటే గిది" అన్నాడు. మా వాళ్లు దానికి ఎండ ప్లాను అని పేరు కూడా పెట్టారు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఆ ప్లానులో దిమాక్ ఎంతో నాకు తెలుసు. అదంతా ఒక మనిషి మెడ చూస్తూ నిలబడిన భయం.

బావకు మాత్రం ఆ ఆట నచ్చలేదు. గెలిచి వస్తున్నా బండిలో మూతి ముడుచుకుని కూర్చునేవాడు. "నేను ఉరికెతందుకు వచ్చిన గని నిలబడెతందుకు కాదు బామ్మర్దీ" అనేవాడు. నేను వినబడనట్టు నటించేవాణ్ని.

ఇక ఆ మ్యాచ్ సంగతి. బొగ్గు గనుల వైపు ఒక ఊరు. గెలిస్తే ఫైనల్. బయల్దేరేముందు అక్క మా ఇద్దరి మేజోళ్లలో తలా ఒక చిన్న ఉల్లిగడ్డ దోపింది. ఎండకు పోయేవాళ్ల ఒంటి మీద ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ తగలదని మా దిక్కు గట్టి నమ్మకం. నాకు ఒక సీసా కూడా ఇచ్చింది, నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. "గాయినకు ఇయ్యి, యాది మరువకు" అంది.

కోరుట్ల దాటాక బండి టైరు పంచరైంది. చుట్టుపక్కల నీడన్నది లేదు, పంట కోసేసిన చేలు తప్ప. చక్రం నట్లు ఓ పట్టాన ఊడిరాలేదు. డ్రైవరు తిడుతున్నాడు, మేం బండి గోడ పక్కన జానెడు నీడలో ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నాం. వెంట తెచ్చుకున్న మంచినీళ్ల క్యానులు అక్కడే అయిపోయాయి. నేను మాత్రం అక్క సీసాను బ్యాగులో బట్టల మధ్య దాచాను. అది బావది.

గ్రౌండుకు చేరేసరికి అవతలి టీము వార్మప్ కూడా అయిపోయి నిలబడి ఉంది. రెఫరీ గడియారం చూపిస్తున్నాడు. గ్రౌండు పక్కన నీళ్ల డ్రమ్ము ఉంది, నిండుగా. మా వాళ్లంతా దాని మీదికి ఉరికారు. కాకా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆగుండ్రిరా! ఎండలకెల్లి దిగుడుతోనే నీళ్లు తాగితే గుండె పట్టుకుంటది. మొకాలు కడుక్కోండ్రి. జరసేపు నీడకు కూసున్నంక తాగుండ్రి."

ఇది మా ఇళ్లలో పుట్టినప్పట్నుంచి వింటున్న మాట. ఎండలోంచి వచ్చిన వెంటనే నీళ్లు ముట్టుకోనివ్వరు, ప్రేమ కొద్దీ. ఎవరూ ఎదురు చెప్పలేదు. మొహాలు, మెడలు కడుక్కున్నారు. జరసేపు నీడకు కూర్చునేలోపే రెఫరీ విజిల్ ఊదేశాడు. పైగా నేను గోల్ నెట్‌కు కట్టిన తాడు ఊడిపోతే సరిచేయడానికి పోయాను, మొహం కూడా కడగలేదు.

గోల్‌లో నిలబడి ఎదురుగా చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావ మెడ తేటగా ఉంది. పసుపంతా కడిగేసుకున్నాడు. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టిన గుర్తు పోయింది. ఆ మెడ మీద ఉన్నది డ్రమ్ము నీళ్లా చెమటా, తెలిసే దారి లేదు.

గ్రౌండంతా బొగ్గు పొడి కలిసిన నల్ల మట్టి. కాలు పెడితే బూటు అడుగు నుంచి వేడి పాకుతోంది. నా జెర్సీ నల్లది, పొడుగు చేతులది, మోచేతుల దగ్గర స్పాంజి. చేతులకు గ్లవ్స్. అవన్నీ నాకు గుర్తే లేవు. నా ధ్యాసంతా ఎదుటి వీపు మీదే.

"బావా, చెమట వస్తున్నదా?"

"వస్తున్నది."

ఒక గోల్ కిక్ అయ్యాక మళ్లీ, "బావా, తల తిరుగుతున్నదా?"

"నీ నోరు తిరుగుతున్నది."

ప్రతి గోల్ కిక్‌కూ సీసా అందించాను. రెండు గుక్కలు తాగి ఇచ్చేవాడు. నేను మూత బిగించి గోల్ పోస్టు వెనక పెట్టేవాణ్ని. నాకూ నాలుక పిడచకట్టుకుపోయింది, కానీ సీసాలో ఎంత మిగిలిందో చూసుకుంటే తాగాలనిపించలేదు. నేను నిలబడేవాణ్నే కదా, ఉరికేవాణ్ని కాదు కదా అనుకున్నాను. మొదటి సగం గోల్ లేకుండా గడిచింది. ఎండ ప్లాను బాగానే సాగుతోందని కాకా బయట నుంచి బొటనవేలు చూపించాడు.

హాఫ్ టైమ్‌కు అందరూ డ్రమ్ము మీద పడ్డారు. నేను సీసా పట్టుకుని బావ దగ్గరికి పోయాను. ఆయన సీసా తీసుకోలేదు. నన్ను పక్కకు లాగాడు.

"నిజం చెప్పు. నన్ను గీడ ఎందుకు నిలవెట్టినవ్?"

"ఎండ ప్లాన్..."

"నా మొకం జూసి చెప్పు."

చెప్పేశాను. అక్క మాట, డాక్టరు మాట, మెడ మీద పసుపు, అంతా. వినగానే ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు.

"ఇన్ని దినాలు నా మెడ జూసుకుంట ఆడినవా? టీమంత నన్ను జూసి ఎనుకకు కూసున్నదా? నేను పేషెంటునారా?" అన్నాడు. "గాడ పడ్డనాడు నన్ను ఎవ్వడు జూడలె. గీడ నువ్వు జూసి జూసి సంపుతున్నవ్. నేను వింగ్ల ఆడుతున్న. ఆపుతవో, ఆపు."

ఆపలేకపోయాను. ఆపితే అందరి ముందూ కారణం చెప్పాలి.

రెండో సగం మొదలైంది. బావ గీత పక్కన, మధ్యగీత దగ్గర నిలబడ్డాడు, ఎంత దూరం ఉండాలో అంత దూరం. మొదటి బాల్‌కే ఉరికాడు. ఇద్దరిని దాటేసి క్రాస్ కొట్టాడు. మా వాళ్లు ఈలలు వేశారు. ఆయన ఉరికిన ప్రతిసారీ ఇప్పుడు పడతాడు, ఇప్పుడు పడతాడు అనుకుంటున్నాను. అక్క వాకిట్లో కూర్చుని ఉంటుంది. డీసీఎం ఆగుతుంది. నేను ఒక్కణ్నే దిగుతాను. అంతకు మించి ఆలోచన ముందుకు పోవడం లేదు, మళ్లీ మొదటి నుంచి అదే.

కాసేపటికి బావ దూరం నుంచి నా వైపు తిరిగాడు. చూపుడువేలితో మెడ రాసుకుని, ఆ వేలు ఎత్తి నాకు చూపించాడు. ఎండకు తళుక్కుమంది. తడిగా ఉంది, చూసుకో, అని వెక్కిరింపు. నాకు కోపమూ నవ్వూ రెండూ వచ్చాయి. ఇంకోసారి బాల్ బయటికి పోయినప్పుడు మళ్లీ అలాగే చేశాడు. ఇటువైపు కూర్చున్న జనం ఇదేం సైగ అని చూస్తున్నారు.

అప్పుడే గాలి తిరిగిందనుకున్నాను. ఒళ్లంతా చల్లగా అయింది, చేతుల మీద వెంట్రుకలు లేచాయి. హమ్మయ్య, పొద్దు వాలుతోంది, ఎండ తగ్గింది, ఇక బావకు ఏమీ కాదు అని ఎంత సంబరపడ్డానో. దూరంగా ఉన్న జెండాలు కదలడం లేదన్నది చూశాను కూడా. చూసి, జెండాలకు గాలి తగలకపోతే నాకేమిటి అనుకున్నాను. అప్పుడది నాకు సరైన లెక్కలాగే తోచింది.

బావ మూడోసారి వేలు చూపించాడు. ఈసారి ఊరుకోలేదు. నేనేం తక్కువా అని గ్లవ్ ఊడదీసి, నా మెడ కూడా వేలితో రాసి, ఎత్తి చూపించాను.

ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. దాని మీద పొడి పసుపు. పిండి మరలో గోడను వేలితో రాస్తే ఎలా అంటుతుందో అలా. తడి జాడ లేదు. ఏదో తప్పు ఉందని లోపలెక్కడో అనిపించింది, ఏమిటో తట్టలేదు.

బావ మొహంలో నవ్వు పోవడం అంత దూరం నుంచీ కనబడింది. బాల్ ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది, వదిలేశాడు. గ్రౌండుకు అడ్డంపడి నా వైపు ఉరికివస్తున్నాడు. మా వాళ్లు "బాల్! బాల్!" అని అరుస్తున్నారు, కాకా బయట నుంచి తిడుతున్నాడు. బాల్ అవతలివాళ్లకు దొరికింది, వాళ్లూ నా వైపే వస్తున్నారు. ఇంతమంది నా మీదికి ఎందుకు వస్తున్నారో అర్థం కాలేదు. నాకు చచ్చేంత భయం వేసింది. వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను, కాళ్లు రాలేదు. గోల్ పోస్టు పట్టుకుందామని చేయి చాపాను, పోస్టు అందలేదు.

ఆ తర్వాత నాకు తెలిసింది ముక్కలు ముక్కలుగానే. గోల్ పడింది, నేను పడిన తర్వాత, ఖాళీ నెట్‌లో. జనం అరిచారు. బావ నా జెర్సీని చించేస్తున్నాడు. నా మేజోడులోంచి ఉల్లిగడ్డ దొర్లిపోయింది. ఎవరో డ్రమ్ము దొర్లించుకొచ్చారు, బావ బకెట్లకు బకెట్లు నా మీద గుమ్మరిస్తున్నాడు. కాకా ఏడుపు గొంతుతో "వద్దు బిడ్డా, కాలిన ఒంటి మీద సల్లని నీళ్లు పోస్తే పానం పోతది" అని ఆయన చేయి పట్టుకుంటున్నాడు.

"ఇడువు కాకా!" అని బావ అరిచిన అరుపు మాత్రం బాగా గుర్తుంది. "నాకు ఎర్క! నేను దుబాయ్‌ల గీడికే పోయి వచ్చిన, నాకు ఎర్క!"

ఆ మాటతో టీముకంతా ఆయన సంగతి తెలిసిపోయింది. ఇన్ని నెలలు దాచుకున్నది నా కోసం అరిచేశాడు.

ఆ ఊరి దవాఖానలోనే ఉంచారు. నేను మాట్లాడేసరికి మరునాడు పొద్దెక్కింది. చేతికి సెలైన్, పక్కన స్టూలు మీద బావ. ఆయన చొక్కా అంతా నా ఒంటి పసుపు అంటి మరకలు. నేను అడిగిన మొదటి మాట, "బావా, చెమట వస్తున్నదా?" అట. నాకు గుర్తు లేదు, ఆయన చెప్పాడు. చెబుతూ నవ్వబోయాడు, నవ్వు రాక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆర్మూర్ బస్టాండులో దిగేసరికి అక్క వచ్చి ఉంది. బీడీల పని వదిలి పగటిపూట ఆమె బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. మా ఇద్దరినీ చూసింది. ఎవరి మొహం ముందు తడమాలో తెలియక రెండు చేతులతో ఇద్దరి మొహాలూ పట్టుకుంది. "నేనొకల గురించి మొక్కిన, దేవుడు ఇంకొకన్ని జూసిండు" అని బస్టాండులోనే కూర్చుని ఏడ్చింది.

మా ఊరి డాక్టరు నా రిపోర్టులు తిరగేసి, బావనూ అక్కనూ కూర్చోబెట్టి చెప్పాడట. ఏం చెప్పాడో నేను అడగలేదు. నాకు ముందే తెలుసు.

ఓడిపోయినందుకు టీములో ఎవరూ ఏమీ అనలేదు. కాకా మాత్రం చాలా రోజులు నా ముందుకు రాలేదు. వచ్చినప్పుడు ఒక క్యాను నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టి, "తాగు, ఎప్పుడన్న తాగు" అని వెళ్లిపోయాడు. ఇప్పుడు మా డీసీఎం మీద తాడిపత్రి, అదే టార్పాలిన్, కప్పుతారు. దిగగానే ముందు నీళ్లు, తర్వాతే మొహం కడుక్కోవడం.

ఈ ఎండాకాలం మళ్లీ టోర్నమెంట్లు మొదలయ్యాయి. ఇప్పుడు కెప్టెన్ బావ. మొన్న టీము కూర్చున్నప్పుడు కొత్త ప్లాను చెప్పాడు. పై ఊళ్లకు పోయినప్పుడు ఇద్దరు గోల్‌కీపర్లు. సగం మ్యాచ్ ఒకరు, సగం ఇంకొకరు. గోల్‌లో నిలబడినవాడి బుర్ర ప్రయాణం చేసిన రోజు చివరిదాకా పని చేయదు, అందుకని మార్చాలి అన్నాడు. ఎంత నమ్మకంగా చెప్పాడంటే మా వాళ్లు బాగుంది బాగుంది అన్నారు. డ్రైవరు నా వైపు చూసి తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పేషెంటునా అని లేచి అరుద్దామనుకున్నాను. ఆ మాట ఇంతకుముందు ఎవరి నోట విన్నానో గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

నిన్న మొదటి మ్యాచ్‌కు బయల్దేరుతున్నాం. బూట్ల సంచి మరిచిపోతే ఇంట్లోకి పోయాను. వాకిట్లో బావ చెప్పులు వేసుకుంటున్నాడు. అక్క చేతిలోని బీడీకి దారం చుట్టి, గంపలో వేసి, తలెత్తడం కిటికీలోంచి కనబడింది. నేను లోపల ఉన్నానని ఆమెకు తెలియదు.

"నా తమ్మున్ని పానంతోని తీస్కరా" అంది.

బావ మొహంలోకి ఏం వచ్చిందో నాకు తెలుసు. చాలా రోజులు అది నా మొహంలోనే ఉంది.

డీసీఎంలో ఆయన నా వెనక కూర్చున్నాడు. "కాలర్ జర కిందికి గుంజు" అన్నాడు. గుంజాను.